డిస్క్రీట్ మ్యాథ్స్‌లో ఒక స్ఫటికం పెట్టండి

సెకండియర్‌లో డిస్క్రీట్ మ్యాథ్స్ పరీక్షలో గ్రూపుల మీద పది మార్కుల ప్రశ్న వచ్చింది. గ్రూప్‌ని నిర్వచించి, ఫలానా సెట్ గ్రూప్ అవుతుందని నిరూపించమన్నారు. క్లోజర్, అసోసియేటివిటీ, ఐడెంటిటీ, ఇన్వర్స్ అని నాలుగు సైడ్ హెడింగులు పెట్టి, ఒక్కొక్కదాని కింద రెండేసి లైన్లు రాసి వచ్చేశాను. తొమ్మిది మార్కులు వేశారు. అందులో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదన్న సంగతి పేపర్ దిద్దినవాళ్ళకి తెలీదు. నాకు తెలుసు.

ఆ యూనిట్ జరుగుతున్నప్పుడు మా బ్యాచ్‌లో ఒకడు లేచి "సార్, ఇది ఎక్కడ పనికొస్తుంది?" అని అడిగాడు. "గేట్‌లో రెండు మార్కులు" అన్నారు సార్. క్లాసంతా నవ్వాం. నేనూ నవ్వాను. ఆ ప్రశ్నకి ఇంకో జవాబు ఉందని నాకు మొన్న ఎండాకాలం సెలవుల్లో, మా భట్టిప్రోలులో, డాబా మీద పడుకున్నప్పుడు తెలిసింది. ఆ జవాబు సిలబస్‌లోకి రావాలన్నదే ఈ వ్యాసం గొడవ.

మా వీధి మలుపులో ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. పగలు పట్టించుకోం గానీ రాత్రి పదకొండు దాటాక, తెనాలి–రేపల్లె లైన్లో రైళ్ళ చప్పుడు కూడా ఆగిపోయాక, దాని హోరు ఒక్కటే వినపడుతుంది. మా తాతయ్య తెలుగు మీడియంలో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైన మాస్టారు. "ఒరే, అది ఎందుకు మూలుగుతోందో చెప్పు చూద్దాం. కంప్యూటర్ ఇంజనీరువి కదా" అన్నారు. లోపల ఫ్యాన్ ఏదైనా ఉందేమో తాతయ్యా అన్నాను. ఆయన నవ్విన నవ్వు గురించి ఇక్కడ రాయను.

ఇనుముని అయస్కాంతంగా మారిస్తే దాని పొడవు కొంచెం మారుతుంది. మీటరుకి కొన్ని మైక్రోమీటర్లు, అంతే. 1842లో జూల్ కనిపెట్టాడు. ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో కరెంటు దిశ మారినప్పుడల్లా అయస్కాంతం అటూ ఇటూ తిరుగుతుంటే ఆ ఇనప రేకులు సాగుతూ ముడుచుకుంటూ ఉంటాయి. మనకి వినపడే హోరులో ఎక్కువ భాగం అదే. దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది: ఇనుముని లాగితే దాని అయస్కాంతత్వం మారుతుంది. అది 1865లో విల్లారి అనే ఇటాలియన్ చూపించాడు.

"లాగితే అందులో వచ్చేది వికృతి" అన్నారు తాతయ్య. నాకు ఆ మాట వింటే వికారం గుర్తొచ్చింది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం కదా, నాకు తెలిసింది స్ట్రెస్, స్ట్రెయిన్. తెలుగు అకాడమీ పుస్తకాల్లో స్ట్రెస్‌ని ప్రతిబలం అంటారట, స్ట్రెయిన్‌ని వికృతి అంటారట. నాకు తెలిసిన వికృతి ఒక్కటే, టెన్త్ తెలుగులో రెండు మార్కులకి బట్టీపట్టిన ప్రకృతి–వికృతి. రాత్రికి రాతిరి, అగ్నికి అగ్గి. మాట నోట్లో నలిగి రూపం మారితే వికృతి. ఆలోచిస్తే లోహానికైనా మాటకైనా అదే పేరు సరిగ్గా సరిపోయింది. అగ్గి అనేది చెడిపోయిన అగ్ని కాదు, అది చేసే పని అది వేరే చేస్తోంది. (తెలుగు క్లబ్ పత్రిక కాబట్టి ఈ పిడకల వేటకి ఎడిటర్ గారు క్షమించాలి.)

ఇక అసలు విషయం. సాగదీస్తే అయస్కాంతం మారడం అనే ఈ పాత సంగతి గత పదేళ్ళలో మళ్ళీ కొత్తగా మారింది. ఇనుములో కాదు, ఆక్సైడ్ పొరల్లో. మామూలుగా ఇలాంటి పొరల్ని ఒక స్ఫటికం పలక మీద పెంచుతారు. కింద పలకలో అణువుల మధ్య దూరం ఎంత ఉంటే పై పొర దానికి సర్దుకుని కూర్చుంటుంది, కాబట్టి కొంచెం సాగుతుంది లేదా నలుగుతుంది. కానీ అక్కడితో సరి. ఇంకొంచెం సాగదీయాలంటే పలక మార్చి, మొదటి నుంచి ఇంకో పొర పెంచుకోవాల్సిందే. పైగా సాగిన ప్రభావమెంతో, కింద పలక ప్రభావమెంతో విడదీసి చెప్పడం కష్టం.

2016లో స్టాన్‌ఫర్డ్‌లో హెరాల్డ్ హ్వాంగ్ బృందం ఒక దారి చూపించింది. పలకకీ పొరకీ మధ్య నీళ్ళలో కరిగిపోయే ఇంకో ఆక్సైడ్ పొర పెట్టారు, స్ట్రాన్షియం అల్యూమినేట్‌ది. అంతా పెంచాక నీళ్ళలో ముంచితే మధ్యది కరిగిపోతుంది, పైది ఊడి వచ్చేస్తుంది. ఇది చదివినప్పుడు నాకు ఆత్రేయపురం పూతరేకులే గుర్తొచ్చాయి. బోర్లించిన కుండ మీద జావలో ముంచిన గుడ్డ పరిచి తీస్తే పల్చటి రేకు వస్తుంది, దాన్ని చిరగకుండా లేపాలి. కుండ వంపు రేకుకి వస్తుంది. లేపేశాక మాత్రం ఎలా కావాలంటే అలా మడుచుకోవచ్చు. ఇక్కడ రేకు మందం కొన్ని నానోమీటర్లు. వెంట్రుకని అడ్డంగా పదివేల పొరలు చేస్తే ఒక పొర ఎంతుంటుందో సుమారుగా అంత.

2020లో అదే బృందం లాంథనం, కాల్షియం, మాంగనీస్ కలిసిన ఆక్సైడ్‌తో ఇలాంటి రేకు చేసి, ప్లాస్టిక్ షీట్ మీద అంటించి సాగదీసింది. ఎనిమిది శాతం దాకా సాగింది! గాజు, పింగాణీ లాంటివి ఒక శాతం కూడా సాగకుండానే పగిలిపోతాయని గుర్తు పెట్టుకుంటే ఆ ఎనిమిది విలువ తెలుస్తుంది. రేకు అంత పల్చగా ఉన్నప్పుడు పగులు మొదలవడానికి కావలసిన లోపాలు అందులో తక్కువ ఉంటాయి, అదీ కిటుకు. చల్లబరిస్తే అయస్కాంతంగా మారి, లోహంలా కరెంటుని పారనిచ్చే పదార్థం ఇది. అంతగా సాగదీసేసరికి కరెంటు పారనివ్వని ఇన్సులేటర్ అయిపోయింది. రసాయనం మారలేదు, ఒక్క అణువు కలపలేదు, తీయలేదు.

ఎందుకలా? మా ఊళ్ళో కాలవ దాటడానికి కొన్ని చోట్ల తాటి మొద్దు వేస్తారు కదా, అలా ఊహించుకోండి. రెండు గట్లు రెండు మాంగనీస్ అణువులు. మధ్యలో తాటి మొద్దు ఆక్సిజన్. ఎలక్ట్రాన్ ఈ గట్టు నుంచి ఆ గట్టుకి మొద్దు మీదుగా వెళ్తుంది. రెండు గట్ల మీదా అయస్కాంత దిశ ఒకటే అయితే సులువుగా దాటుతుంది, వ్యతిరేకమైతే దాటలేదు. ఎలక్ట్రాన్లకి తిరగడమే లాభం కాబట్టి అణువులన్నీ ఒకే దిశకి తిరిగి మొత్తం అయస్కాంతం అవుతుంది. దీన్ని 1951లో జీనర్ చెప్పాడు. ఇప్పుడు గట్లని దూరం జరిపితే మొద్దు అందదు. ఎలక్ట్రాన్ ఎక్కడిదక్కడ చిక్కుకుపోతుంది. కరెంటూ పోయె, ఒకే దిశలో ఉండాల్సిన అవసరమూ పోయె. (నిజంలో గట్ల ఆకారం కూడా మారుతుంది, అది ఇంకో పెద్ద కథ.)

ఇక్కడ దాకా చదివిన సీఎస్ఈ వాళ్ళు "బాగుంది గానీ మనకేంటి" అంటారని తెలుసు. నేనూ అదే అన్నాను. హార్డ్ డిస్క్‌లో బిట్ అంటే అయస్కాంతం చిన్న ముక్క ఎటు తిరిగి ఉందన్నదే. ఎంరామ్ చిప్‌లు 2006 నుంచి మార్కెట్లో ఉన్నాయి, వాటిలోనూ అంతే. కానీ నేను ఆ దారిలో వాదించబోవట్లేదు. "సాగే మెమరీ వచ్చేస్తోంది, రేపు ఫోన్ మడిచి జేబులో పెట్టుకోవచ్చు" అనే టైపు వీడియోలు నాకు చిరాకు. పైన చెప్పిన పదార్థం గది వేడిలో అసలు అయస్కాంతమే కాదు, దాన్ని బాగా చల్లబరచాలి. ల్యాబ్‌లో పనిచేసింది షాపులోకి రావాలంటే ఎన్ని మలుపులుంటాయో ప్రాజెక్ట్ డెమో రోజు మన కోడ్ ఆగిపోయినప్పుడు మనకే తెలుస్తుంది. నా వాదన వేరే.

మళ్ళీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి రండి. మన కరెంటు సెకనుకి 50 సైకిళ్ళు. కానీ హోరు సెకనుకి 100. తాతయ్య ఇది చెప్పి "ఎందుకు రెట్టింపయిందిరా?" అన్నారు. ఆ రాత్రి జవాబు రాలేదు. మర్నాడు పళ్ళు తోముకుంటుంటే వెలిగింది. ఒక సైకిల్‌లో అయస్కాంతం ఒకసారి ఉత్తరానికి, ఒకసారి దక్షిణానికి తిరుగుతుంది. కానీ ఇనుము రెండుసార్లూ ఒకేలా సాగుతుంది. సాగడానికి ఉత్తరమో దక్షిణమో తెలియదు!

దీన్ని ఇంకోలా చెప్తా. ఒక వీడియోని వెనక్కి తిప్పండి. అయస్కాంతం అంటే లోపల తిరిగే కరెంటు కాబట్టి వెనక్కి తిప్పితే కరెంటు ఎదురు తిరుగుతుంది, ఉత్తరం దక్షిణం అవుతుంది. కానీ సాగదీసి పట్టుకున్న వస్తువు వెనక్కి తిప్పినా సాగే ఉంటుంది. విద్యుదావేశం కూడా మారదు. మన భాషలో సాగడం 0, ఆవేశం 0, అయస్కాంతం 1. వీడియోని రెండుసార్లు తిప్పితే మొదటికి వస్తుంది. "తిప్పకపోవడం, తిప్పడం" అనే ఈ రెండే మూలకాలతో ఒక గ్రూప్ అయిపోయింది: క్లోజర్ ఉంది, ఐడెంటిటీ ఉంది, తిప్పడానికి ఇన్వర్స్ తిప్పడమే. ఇది మనం రోజూ వాడే ఎక్స్‌ఆర్. నేను తొమ్మిది మార్కులకి రాసిన నాలుగు సైడ్ హెడింగులు మా వీధి మలుపులో రాత్రంతా మూలుగుతున్నాయన్నమాట.

దీంతో ఏం చేయొచ్చో చూడండి. మా ఊరి స్తూపం సంగతి మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వినప్పుడు రాతి పెట్టెలు దొరికాయి, వాటి మీద బ్రాహ్మీ లిపిలో శాసనాలున్నాయి. అందరూ ఆ అక్షరాల గురించే మాట్లాడతారు, సబబే. కానీ పెట్టెల లోపల స్ఫటిక భరిణ కూడా ఉంది. ఆ స్ఫటికం క్వార్ట్జ్ అనుకుందాం. క్వార్ట్జ్‌ని నొక్కితే విద్యుదావేశం పుడుతుంది, 1880లో క్యూరీ సోదరులు చూపించారు. గ్యాస్ లైటర్‌లో టిక్కుమనేది అలాంటి పనే. మరి రెండు వేల ఏళ్ళు ఇటుకల బరువు కింద నలిగిన క్వార్ట్జ్‌లో అయస్కాంతం ఎందుకు పుట్టదు?

పుట్టిందనుకోండి, ఉత్తరం పైకి ఉందనుకోండి. వీడియో వెనక్కి తిప్పండి. నొక్కడం అలాగే ఉంది. క్వార్ట్జ్‌లో అయస్కాంత క్రమం ఏమీ లేదు కాబట్టి అదీ అలాగే ఉంది. కానీ ఉత్తరం కిందికి వచ్చింది. ఒకే రాయిని ఒకేలా నొక్కితే ఉత్తరం పైకీ కిందికీ ఉండాలి. రెండూ నిజమయ్యే దారి ఒక్కటే, అది సున్నా కావాలి. ఏ ల్యాబూ అక్కర్లేదు, ఏ యంత్రమూ అక్కర్లేదు. రాయి పగలగొట్టకుండా, ముట్టుకోకుండా దాని గురించి ఖచ్చితంగా ఒక మాట చెప్పేశాం. కోడ్ రన్ చేయకుండానే ఇది ఎప్పటికీ ఫలానా అవుట్‌పుట్ ఇవ్వదని నిరూపించడం లాంటిది ఇది. నాకు ఆ రోజు కలిగిన ఆనందం సెమిస్టర్ రిజల్ట్స్ రోజు కూడా కలగలేదు.

అయితే లోపల అయస్కాంత క్రమం ఉన్న స్ఫటికం వేరు. వీడియో తిప్పితే అది తనే మారిపోతుంది, కాబట్టి పై వాదన దానికి అడ్డం రాదు. తిప్పడాన్ని మామూలు భ్రమణాలతో, అద్దం ప్రతిబింబాలతో కలిపి లెక్క కడితే స్ఫటికాలకి మొత్తం 122 గ్రూపులు వస్తాయి. ఏ గ్రూప్‌లో నొక్కితే అయస్కాంతం పుడుతుంది, దేంట్లో ససేమిరా పుట్టదు అనేది కాగితం మీదే తేలిపోతుంది: 66 గ్రూపుల్లో కుదురుతుంది. దీన్ని పీజోమ్యాగ్నెటిజం అంటారు. 1960 ప్రాంతంలో రష్యాలో బోరోవిక్ రొమనోవ్ కోబాల్ట్ ఫ్లోరైడ్, మాంగనీస్ ఫ్లోరైడ్ స్ఫటికాల్లో నిజంగా కొలిచి చూపించాడు.

ఈ లెక్కల్లో మనవాళ్ళ చేయి ఉందని నాకు తెలియదు. తాతయ్య చెప్పారు. సూరి భగవంతం గారు. 1909లో కృష్ణకి అవతలి వైపు, ఆగిరిపల్లిలో పుట్టారు. కలకత్తాలో రామన్ దగ్గర పనిచేసి, కాంతి కణానికి స్పిన్ ఉందని ఆయనతో కలిసి చూపించారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, స్ఫటికాల గుణాల్ని గ్రూపుల లెక్కతో తేల్చే పని మొదలుపెట్టారు. టి. వేంకటరాయుడు గారితో కలిసి గ్రూప్ థియరీ మీద రాసిన పుస్తకాన్ని 1948లో వాల్తేరులో ఆంధ్ర యూనివర్సిటీయే అచ్చేసింది. 1960ల్లో రక్షణ మంత్రికి సైంటిఫిక్ అడ్వైజర్‌గా ఉంటూ, ఆ పని ఒత్తిడిలోనే స్ఫటికాల అయస్కాంత సిమెట్రీ మీద రాశారు. 1966లో వచ్చిన ఆయన పుస్తకంలో ఇదంతా ఉంది. మనకి గ్రూపుల యూనిట్ చెప్పినప్పుడు ఫ్రెంచి, నార్వే పేర్లు వినపడ్డాయి, మంచిదే. ఈ పేరు మాత్రం ఒక్కసారి కూడా వినపడలేదు. పేరు చెప్పాలన్నది మనవాడని గర్వపడ్డానికి కాదు. వాల్తేరులో కూర్చుని కాగితం, పెన్సిల్‌తో చేయగలిగిన పని ఇది అని ఒక పంతొమ్మిదేళ్ళ వాడికి తెలిస్తే, ల్యాబ్ లేదు, ఫండ్స్ లేవు అని మొదటి నిమిషంలోనే చేతులెత్తేయడని.

ఆ పాత లెక్కకి కొత్త రేకులతో మళ్ళీ పనిపడింది. హెమటైట్ తెలుసు కదా, కావి రంగుకి ఆ ఎరుపు ఇచ్చే ఐరన్ ఆక్సైడ్. అందులో పక్కపక్క అణువుల అయస్కాంతాలు ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, అందుకే కావి ముద్దకి పిన్నీసు అంటుకోదు. 2024లో ఆక్స్‌ఫర్డ్, సింగపూర్ శాస్త్రజ్ఞులు, అందులో హరిఓం జాని అనే భారతీయుడు ముఖ్యుడు, హెమటైట్‌తో ఇలా ఊడదీసిన రేకులు చేశారు. రేకు మడత పడిన చోట వికృతి మారుతుంది, దాంతో లోపలి అయస్కాంతాల దిశ కూడా మారుతోందని ఎక్స్‌రేలతో చూశారు. రేకుని సాగదీసి, గది ఉష్ణోగ్రత దగ్గరే, వేడి చేయకుండా, చిన్న చిన్న సుడుల్లాంటి అయస్కాంత ఆకారాలు పుట్టించారు. చుట్టూ అయస్కాంత క్షేత్రం చిమ్మని పదార్థంలో బిట్లు దాచుకోవచ్చన్న ఆశ ఇక్కడిది. ఆశ అనే అంటున్నా, వార్త అనట్లేదు.

ఇప్పుడు నేను అడిగేది. సిలబస్ మొత్తం మార్చమనట్లేదు. గ్రూపుల యూనిట్‌కి ఇచ్చిన గంటల్లో ఒక్క గంట ఇవ్వండి. టేబుల్ మీద ఒక ఘనం, రెండు అయస్కాంతాలు, వీలైతే ఒక క్వార్ట్జ్ ముక్క పెట్టండి. పై వాదన పిల్లల చేతే చేయించండి. తర్వాత నాలుగు సైడ్ హెడింగులు రాయించుకోండి, నాకు అభ్యంతరం లేదు.

నా రూమ్మేట్ దీనికి ఒప్పుకోడు. "వాళ్ళ నాన్న ఎకరం కౌలు చేసి ఫీజు కడుతున్నవాడికి ప్లేస్‌మెంట్ కావాలి, క్వార్ట్జ్ ముక్క కాదు" అంటాడు. వాడి నాన్న నిజంగానే కౌలు చేస్తారు కాబట్టి ఈ మాటని తేలిగ్గా తీసేయలేను. నేను కూడా ఎడ్యుకేషన్ లోన్ మీదే చదువుతున్నా. కానీ ఆ యూనిట్‌కి అయ్యే గంటలు ఎలాగూ ఖర్చవుతున్నాయి. వాడు కూడా అవే నాలుగు లైన్లు బట్టీపట్టి, పరీక్ష అయిన సాయంత్రానికి మర్చిపోయాడు. ఉద్యోగానికి పనికిరానిది అర్థం కాకుండా చదివితే డబ్బు మిగులుతుందా? ఇది అడిగితే వాడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. మర్నాడు రాత్రి మాత్రం "ఆ గ్యాస్ లైటర్ సంగతి మళ్ళీ చెప్పు" అన్నాడు.

ఓపెన్ ఎలక్టివ్స్‌లో మెటీరియల్స్ సబ్జెక్ట్ ఒకటి లిస్టులో కనపడితే సంతోషంగా పేరిచ్చాను. మొత్తం నలుగురమే అయ్యాం, రద్దు చేసి మమ్మల్ని వేరే దాంట్లో సర్దేశారు. దానికి ఎవర్నీ అనను. ఆ లిస్టు చూస్తున్నప్పుడు పక్కవాళ్ళకి ఆ పేరు ఎలా కనిపించిందో నాకు తెలుసు. ఏడాది క్రితం నాకూ అలాగే కనిపించేది.

పోయిన వారం లెటర్ రాసి డిస్క్రీట్ మ్యాథ్స్ సార్‌కి ఇచ్చాను. గేట్‌లో రెండు మార్కులన్న సారే. నిలబడే మొత్తం చదివారు, ఎక్స్‌ఆర్ దగ్గర ఆగి పెన్నుతో చిన్న గీత పెట్టారు. "ఘనం ఎవరు తెస్తారు?" అన్నారు. థర్మకోల్‌తో నేనే చేస్తానన్నాను. "లాస్ట్ అవర్ అయితే పర్లేదా? పిల్లలు బస్సుల కోసం చూస్తుంటారు మరి" అన్నారు. పర్లేదు సార్ అన్నాను. తాతయ్యకి ఫోన్ చేస్తే, క్వార్ట్జ్ ముక్క వాళ్ళ పాత స్కూల్ ల్యాబ్‌లో ఒకటి ఉండాలి, అడిగి చూస్తానన్నారు.